ఢాకా నుంచి తొమ్మిది సెకన్లు

ఉల్కలు రాలే రాత్రి వందల కిలోమీటర్ల అవతలి ఎఫ్ఎం స్టేషన్ వినాలని కూర్చుంటే నిజంగా ఏం జరుగుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఎన్ని రాత్రులు ఉత్త చేతులతో లేవాల్సి వస్తుంది అని తెలుగులో రాసినవారు నాకు దొరకలేదు. అందుకే 2024 ఆగస్టు నుంచి 2025 జనవరి దాకా నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగిని. ఎలక్ట్రానిక్స్ చదవలేదు. రేడియో మీద ప్రేమ మాత్రం మా తాతయ్య నుంచి వచ్చింది. ఉద్దానంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆయన రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వినేవారు. స్టేషన్ జారిపోయినప్పుడల్లా ముల్లును వెంట్రుకవాసి తిప్పి మళ్లీ పట్టుకునేవారు. షార్ట్‌వేవ్ అంటే అంతే, సముద్రాలు దాటి వస్తుంది. ఎఫ్ఎం అలా రాదని, ఊరు దాటి కొంత దూరం పోతే ఆగిపోతుందని అందరిలాగే నేనూ అనుకునేదాన్ని. కాలిపోతున్న ఉల్క దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తున ఒక విద్యుదావేశపు చార వదులుతుందనీ, అది చెదిరిపోయేలోపు ఎఫ్ఎం తరంగం కూడా దానికి తగిలి వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్ల అవతల దిగగలదనీ తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదటి ప్రయత్నం ఆగస్టు 12 రాత్రి, పెర్సీడ్ ఉల్కలప్పుడు. మా అపార్ట్‌మెంటు డాబా మీద, చేతిలో ఇమిడే రేడియో, చెవుల్లో హెడ్‌ఫోన్లు. రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 4 దాకా కూర్చున్నాను. నగరంలోని బలమైన స్టేషన్లు తమ చోట ఉండక డయల్ అంతటా పొంగి పొర్లుతున్నాయి. ఖాళీగా ఉన్న చోటు వెతికి ఆగితే రెండు సార్లు ఎవరిదో గొంతు అలలు అలలుగా ఊగుతూ అర నిమిషం పాటు వినిపించింది. గుండె ఆగినంత పనయింది. తల ఎత్తి చూస్తే రెండు సార్లూ నెత్తి మీద విమానం వెళ్తోంది. విమానపు లోహం కూడా తరంగాన్ని తిప్పి కొడుతుంది. అప్పుడు గొంతు అలా వణుకుతుంది, నిమిషం దాకా నిలుస్తుంది. ఉల్క మామూలుగా అలా వణకదు. అది ఆ రోజు నాకు తెలియదు. ఐదు గంటలు, దోమకాట్లు, ఫలితం సున్నా.

నగరంలో ఇది కుదరదని అర్థమైంది. పలాస దగ్గర మా ఊళ్లో నాన్న ఒక్కరే ఉంటున్నారు. అక్కడ 88 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకు డయల్ పూర్తిగా ఖాళీ. ఈ పనికి ఆ ఖాళీయే ఆస్తి. ఎఫ్ఎం రిసీవర్ ఒకే చోట ఉన్న రెండు సంకేతాల్లో బలమైన దాన్నే పట్టుకుని రెండోదాన్ని మింగేస్తుంది కాబట్టి, దగ్గరి స్టేషన్ ఉన్న చోట దూరపు స్టేషన్ కోసం ఎదురుచూడటం వృథా. పైగా డయల్‌లో ఎంత కిందికి వెళ్తే అంత మంచిది. అంకె తగ్గే కొద్దీ తరంగం పొడవు పెరుగుతుంది, అది పెరిగిన కొద్దీ ఉల్క చార నుంచి వచ్చే ప్రతిధ్వని ఆ పొడవు వర్గం లెక్కన ఎక్కువ సేపు నిలుస్తుంది. 104 దగ్గర ఒక్క సెకను వినిపించేది 88 దగ్గర దాదాపు ఒకటిన్నర సెకన్లు వినిపిస్తుంది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉల్కల రాడార్ 35.25 మెగాహెర్ట్జ్ మీద పనిచేయడానికీ ఇది ఒక కారణం. ఒక్క తరంగం పొడవు లెక్కే చూస్తే 88 దగ్గరికంటే అక్కడ ఆరు రెట్లు సమయం దొరుకుతుంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు దశాబ్దాల కిందటే ఉల్కల రాడార్ నడిపారని తెలిసినప్పుడు, రోజూ ఆ గేటు ముందు నుంచే బస్సులో వెళ్తున్న నాకు చాలా గర్వంగా అనిపించింది.

సెప్టెంబరు 21న కంప్యూటర్‌కు తగిలించే రేడియో డాంగిల్, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అంటారు, ఆర్డర్ పెట్టాను. తొమ్మిది రోజులకు వచ్చింది. పెట్టె మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి కానీ పది నిమిషాలు నడిచేసరికి వేడెక్కి ఆగిపోతోంది. నకిలీది. వెనక్కి పంపి మరోచోట కొనడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. రెండోది అక్టోబరు 14న చేతికొచ్చింది, 3,850 రూపాయలు. మిగతా ఖర్చులు కూడా చెప్తాను, ఎందుకంటే మొదలుపెట్టే ముందు నేను వెతికింది ఇదే. టీవీ కేబుల్ వాళ్లు వాడే ఆర్‌జీ6 తీగ 20 మీటర్లు 500. అల్యూమినియం గొట్టం 310. నాకు కావలసింది మీటరున్నరకు కాస్త పైన, కొట్లో పన్నెండు అడుగుల బార్ మొత్తం కొంటేనే ఇస్తామన్నారు. పీవీసీ జాయింటు 45. తీగ మీద తొడిగే ఫెర్రైట్ ముక్కలు నాలుగు 240. హార్డ్ డిస్క్ 4,300. మొత్తం 9,245 రూపాయలు. అందులో హార్డ్ డిస్క్ ఖర్చు నేను ఊహించనిది. 87.7 నుంచి 90.1 దాకా మొత్తాన్ని ఒకేసారి రికార్డు చేస్తే గంటకు 17 గిగాబైట్లు నిండిపోతాయి. రాత్రంతా అంటే లాప్‌టాప్ చాలదు.

యాంటెన్నా సులువు. రెండు గొట్టాలు, ఒక్కొక్కటి 80 సెంటీమీటర్లు, మధ్యలో చిన్న ఎడం, ఆ ఎడం దగ్గర కేబుల్. ఆర్‌జీ6 తీగ దీనికి చక్కగా సరిపోతుంది, మధ్యలో ఇంకేమీ పెట్టనక్కరలేదు. నన్ను ఏడిపించింది టంకం. ఆర్‌జీ6 పై అల్లిక అల్యూమినియంది, దానికి సీసం అంటుకోదు. రెండు సాయంత్రాలు సోల్డరింగ్ ఐరన్‌తో కుస్తీ పట్టి, వేళ్లు కాల్చుకుని, చివరికి మా వీధి కేబుల్ కుర్రాణ్ని అడిగాను. "దాన్ని టంకం పెట్టరు మేడమ్, బోల్టు కింద వాషర్ వేసి బిగించేయండి" అన్నాడు. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

నవంబరు 16 శనివారం బ్యాంకు అయ్యాక రైలెక్కాను. లియోనిడ్ ఉల్కల సమయం. ఆదివారం ఉదయం నాన్నా నేనూ డాబా మీద వెదురు గడ కట్టి యాంటెన్నా నిలబెట్టాం. నాన్న కొబ్బరి చెట్టు ఎక్కించి కడదామన్నారు. వద్దన్నాను. నేను గురిపెట్టిన ఢాకా మాకు 800 కిలోమీటర్ల పైచిలుకు. సగం దారిలో, వంద కిలోమీటర్ల ఎత్తున ఉన్న చారను మా ఇంటి నుంచి చూస్తే అది నేల మీదుగా పన్నెండు డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 89 మెగాహెర్ట్జ్‌కు యాంటెన్నా నాలుగు మీటర్ల ఎత్తున ఉంటే దాని చూపు సరిగ్గా అంతే ఎత్తుకు వెళ్తుంది. అంటే మా డాబా చాలు. ఈశాన్యం వైపు అడ్డు కూడా లేదు. ఒకప్పుడు అటు కొబ్బరితోట ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను దాన్ని నేలకూల్చింది. నాన్న గడ కడుతూ అటు చూసి ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఆ రాత్రి తెల్లవారుజామున 4:30కి డయల్ అంతా తిప్పి చూస్తుంటే 101.4లో తమిళ పాట వచ్చింది. స్పష్టంగా, మన ఊరి స్టేషన్ లాగా. 102.3లో కూడా తమిళం. రెండూ చెన్నై ఆకాశవాణివి. కేక పెట్టి నాన్నను లేపాను. ఆయన దుప్పటి కప్పుకుని డాబా మీదకు వచ్చి నా పక్కన కూర్చున్నారు. నలభై నిమిషాలు ఇద్దరం విన్నాం. పాట మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గి, మళ్లీ పెరిగింది. ఆ నలభై నిమిషాల చివర నాకు అనుమానం మొదలైంది. ఉల్క చార సెకన్లలో చెదిరిపోతుంది కదా, నలభై నిమిషాలు ఎలా నిలుస్తుంది?

అది ఉల్క కాదు. బంగాళాఖాతం మీద చల్లగాలీ వెచ్చగాలీ పొరలుగా పేరుకున్నప్పుడు ఎఫ్ఎం తరంగం వాటి మధ్య గొట్టంలో నీరులా చాలా దూరం ప్రవహిస్తుంది. తీరం వెంబడి ఉండేవారికి ఇది మామూలే. నిజానికి అదీ గొప్ప విషయమే. నాకు మాత్రం పెళ్లికి వెళ్లి వేరే పందిట్లో భోంచేసి వచ్చినట్టుంది. "పాట వచ్చింది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు నాన్న. చెప్పలేకపోయాను. లియోనిడ్లు ఆ ఏడాది అసలే పలచన. రికార్డు మొత్తం విన్నా అనుమానపు చప్పుళ్లు మూడే దొరికాయి.

డిసెంబరు జెమినిడ్ల మీదే ఆశంతా పెట్టుకున్నాను. ఏడాదిలో అన్నిటికన్నా దట్టంగా రాలేవి అవే. 2024లో అవి పతాక స్థాయికి చేరే సమయం డిసెంబరు 14 ఉదయం ఆరున్నర ప్రాంతమని అంచనా. 14 రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. ఇంతకంటే కలిసివచ్చేది ఏముంటుంది? అయితే మర్నాడే పున్నమి. నా స్నేహితురాలు ఒకామె ఉల్కలు చూడటానికి వస్తానని చెప్పి, చంద్రుణ్ని చూసి మానేసింది. రేడియోకు వెన్నెల అడ్డు కాదు, మబ్బూ అడ్డు కాదు.

13వ తేదీ శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి సాయంత్రం ఏడుకల్లా ఊరు చేరాను. నాన్న అప్పటికే గడ నిలబెట్టి, యాంటెన్నా కొసలను నేను గీసిచ్చిన బొమ్మ ప్రకారం వాయవ్యం, ఆగ్నేయం వైపు తిప్పి ఉంచారు. అలా ఉంటేనే అది ఈశాన్యం వైపు, అంటే ఢాకా వైపు బాగా వింటుంది. పదకొండుకు ఇంటి మెయిన్ స్విచ్ ఆపేశాం. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, టీవీ డబ్బా, ప్రతి ఒక్కటీ 88 మెగాహెర్ట్జ్ దగ్గర గరగరలాడుతుంది. లాప్‌టాప్ కూడా బ్యాటరీ మీదే నడవాలి, దాని చార్జర్ అన్నిటికన్నా పెద్ద శత్రువు. స్విచ్ ఆపినా ఇంకా ఏదో గరగర మిగిలే ఉంది. ఎక్కడిదో అర్థం కాలేదు.

11:17కి మొదటిది వచ్చింది, 88.0లో.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను వినబోయేది ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. శబ్దం వస్తుందని నేను ఎదురు చూస్తున్నాను. మొదట వచ్చింది శబ్దం కాదు, నిశ్శబ్దం. ఖాళీ ఎఫ్ఎం చానల్ ఎప్పుడూ హోరున వాన కురిసినట్టు ఉంటుంది కదా. ఆ హోరు ఎవరో కత్తితో కోసినట్టు ఒక్కసారిగా తెగిపోయింది. దూరపు స్టేషన్ తరంగం వచ్చి పడగానే రిసీవర్ హోరును వదిలి దాన్ని పట్టుకుంటుంది. ఆ నిశ్శబ్దం లోపల ఒక తబలా దెబ్బ, ఎవరి గొంతులోనో ఒక అచ్చు, అంతే. మళ్లీ వాన. అర సెకను కూడా లేదు. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అప్పటిదాకా నేను పాట కోసం కూర్చున్నాను. అప్పటి నుంచి హోరు ఎప్పుడు తెగుతుందా అని కూర్చున్నాను.

తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కాగితం మీద గీతలు. డయల్‌లో ఎక్కడ, ఏ క్షణాన సంకేతం ఉందో గీతలుగా చూపే వాటర్‌ఫాల్ చిత్రం తెర మీద కిందికి జారుతుంటే, ఉల్క తగిలిన ప్రతిసారీ అన్ని స్టేషన్ల చోటా కాకపోయినా ఒకటి రెండు చోట్ల చిన్న వెలుగు గీత పడుతుంది. చెవికి అందనివి కంటికి అందుతాయి. 11 నుంచి 12 దాకా 41. పన్నెండు నుంచి ఒంటి గంట దాకా 58. ఒకటి నుంచి రెండు దాకా 47. రెండయ్యేసరికి దాదాపు ఆగిపోయాయి. ఐదేసి నిమిషాలు ఒక్కటీ లేదు. కేబుల్ ఊడిందేమోనని టార్చి తీసుకుని చూశాను, అంతా బాగానే ఉంది. ఏడుపొచ్చింది.

అలా ఎందుకు జరిగిందో తర్వాత తెలిసింది. రెండు గంటల ప్రాంతంలో, జెమినిడ్లు ఎక్కడి నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయో ఆ మిథున రాశి నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. కంటితో చూసేవారికి అదే మంచి సమయం. రేడియోకు కాదు. నెత్తి మీద నుంచి నిలువుగా పడే ఉల్క చార, దూరపు స్టేషన్ తరంగాన్ని మన వైపు తిప్పే కోణంలో ఉండదు. ఆ రాశి కాస్త పక్కకు వాలాకే మళ్లీ ఊపందుకుంటుంది. మీరు కూర్చుంటే ఆ గంటలో నిరాశపడి లేచి వెళ్లకండి. నేను ఆ సమయంలోనే మెయిన్ స్విచ్ వేసి లాప్‌టాప్‌కు చార్జింగ్ పెట్టాను, ఎందుకంటే బ్యాటరీ పదిహేను శాతానికి వచ్చింది. ఆలోచించి చేసిన పని కాదు, కానీ ఆ రాత్రిని నిలబెట్టింది అదే. రెండు నుంచి మూడు దాకా లెక్క 22. తర్వాత స్విచ్ మళ్లీ ఆపేశాను.

3:20కి ఊరంతా కరెంటు పోయింది. వీధి దీపం ఆరిపోయింది, వెన్నెల మాత్రమే మిగిలింది. అదే క్షణంలో తెర మీద గరగర మొత్తం, దుమ్ము పట్టిన అద్దాన్ని తుడిచినట్టు మాయమైంది. రాత్రంతా నన్ను విసిగించింది మా ఇంటి ముందున్న ఎల్‌ఈడీ వీధి దీపం! అది లేకపోయేసరికి అప్పటిదాకా కనిపించని సన్నటి గీతలు కూడా తెర మీద తేలాయి. మూడు నుంచి నాలుగు దాకా 39; అందులో 30 కరెంటు పోయాకే. 3:52కి 89.0లో రెండు సెకన్ల సంగీతం వచ్చింది. బెంగాలీ కాదు, తమిళం కాదు, నేనెప్పుడూ వినని సాగదీత. యాంగోన్ సిటీ ఎఫ్ఎం ఉండేది 89.0లోనే. మా ఊరి నుంచి యాంగోన్ దాదాపు 1,260 కిలోమీటర్లు. స్టేషన్ పేరు వినపడలేదు కాబట్టి నా పుస్తకంలో దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను, ఇప్పటికీ అది అలాగే ఉంది.

నాలుగు దాటాక నాన్న లేచి వచ్చారు. కరెంటు లేదు కాబట్టి పొయ్యి మీద టీ కాచి తెచ్చారు. ఒక హెడ్‌ఫోన్ ఆయన చెవికి, ఒకటి నా చెవికి. మాకు మాటలు లేవు. హోరు తెగినప్పుడల్లా ఆయన వేలు ఎత్తేవారు, నేను గీత గీసేదాన్ని.

4:46కి 88.0లో హోరు తెగింది. అర సెకను దాటింది, ఒక సెకను దాటింది, ఇంకా వాన తిరిగి రాలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక మగగొంతు, చాలా పొడవుగా, ఒంటరిగా, కింది నుంచి పైకి లేచింది. వాద్యం లేదు. ఆ గొంతు ఒక వాక్యం పూర్తి చేసి, ఊపిరి తీసుకుని, అదే వాక్యాన్ని మళ్లీ అందుకుంది. మధ్యలో ఉండగా గొంతు అంచులు చిరిగాయి, హోరు రెండు వైపుల నుంచీ కమ్ముకుంది, పోయింది. తొమ్మిది సెకన్లు. రికార్డులో తర్వాత కొలిచాను. చెవిలో ఉన్నప్పుడు అది చాలా పెద్ద సమయం. నాన్న ఎత్తిన వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. "అజాన్ కదమ్మా ఇది" అన్నారు.

నాలుగు నుంచి ఐదు దాకా లెక్క 83. ఐదు నుంచి ఆరు దాకా 61. 5:20కి కరెంటు వచ్చింది, గరగరా వచ్చింది. 5:38కి 89.6లో ఒక అమ్మాయి గొంతు రెండు సెకన్లలోపు ఏదో నవ్వుతూ చెప్పి వెళ్లిపోయింది. సూర్యుడు వచ్చాక ఆపేద్దామనుకున్నాను, కానీ ఎనిమిదింటికి, ఎండలో, నాన్న కాకులకు అన్నం పెడుతుండగా కూడా గీతలు పడుతూనే ఉన్నాయి. పగలు ఉల్కలు రాలవని కాదు, మనకు కనిపించవని మాత్రమే. ఇది నాకు ముందే తెలుసు. కానీ తెలియడం వేరు, ఎండలో నిలబడి వినడం వేరు.

అజాన్ వినిపించింది సరే, అది ఎక్కడిది? ఆ మధ్యాహ్నం పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే నాన్న స్నేహితుడి దగ్గరకు ఫోన్ పట్టుకుని వెళ్లాం. చిన్నప్పటి నుంచి ఆయన్ని బాబాయి అని పిలుస్తాను. తొమ్మిది సెకన్లూ మూడు సార్లు విన్నారు. "ఇది అస్సలాతు ఖైరుమ్ మినన్నౌమ్, తల్లీ. నిద్ర కన్నా నమాజు మేలు అని. ఈ మాట తెల్లవారు అజాన్‌లో తప్ప ఇంకెప్పుడూ రాదు" అన్నారు. అని, గోడ మీది నమాజు వేళల క్యాలెండర్ చూశారు. మా ప్రాంతంలో అప్పటికింకా ఆ వేళ కాలేదు. తూర్పున తెల్లవారడం ముందు కాబట్టి అక్కడ అజాన్ ముందు. మన 4:46 అంటే ఢాకాలో 5:16. ఆ రోజుల్లో అక్కడ తెల్లవారు అజాన్ పడేది ఆ ప్రాంతంలోనే. 88.0 ఢాకాలో రేడియో ఫూర్తి స్థానం. నాకు తెలిసిన కోల్‌కతా స్టేషన్లన్నీ 90కి పైనే ఉన్నాయి. స్టేషన్ పేరు వినకుండానే, ఒక ప్రార్థనలోని ఒక్క వాక్యం, గడియారం, డయల్ మీద అంకె, ఈ మూడూ కలిసి ఊరి పేరు చెప్పాయి. బాబాయి ఆ ముక్క తనకు పంపమన్నారు. పంపాను.

రికార్డు మొత్తం తొమ్మిది గంటలు, 153 గిగాబైట్లు. దాన్ని వెతకడానికి ఇంటికొచ్చాక పదకొండు సాయంత్రాలు పట్టింది. ఈ పనిలో రాత్రి మేల్కొనడం కన్నా ఇదే ఎక్కువ ఓపిక అడుగుతుంది. రెండు మూడు రోజులయ్యాక ఆసక్తి తగ్గి, ప్రతి గీతా ఉల్కలాగే కనిపిస్తుంది. అప్పుడు ఆపేసి మర్నాడు చూడాలి.

ఒక సందేహం నన్ను వదల్లేదు. మామూలు రాత్రి కూడా ఇన్నే వస్తాయేమో! ఏ ఉల్కాపాతమూ లేని రోజు కూడా విడి ఉల్కలు రాలుతూనే ఉంటాయి, తెల్లవారుజామున మరీ ఎక్కువ. భూమి తన దారిలో ముందుకు పోతున్న వైపు ముఖం తిరిగి ఉండేది అప్పుడే. అందుకని డిసెంబరు 27 రాత్రి, నాలుగో శనివారం ముందు రోజు, మళ్లీ ఊరెళ్లాను. నాన్న ఇరుగుపొరుగుకు చెప్పి ఆ వీధి దీపం స్విచ్ ఆపించారు. అదే యాంటెన్నా, అదే గంట. నాలుగు నుంచి ఐదు దాకా వచ్చినవి 12. జెమినిడ్ల రాత్రి 83. ఈ పని చేయాలనుకునే వారెవరైనా ఈ ఖాళీ రాత్రిని వదిలేయవద్దని గట్టిగా చెప్తాను. ఆ పన్నెండు గీతలు లేకపోతే ఆ ఎనభై మూడింటిని నేనే నమ్మేదాన్ని కాదు.

జనవరి 3 రాత్రి క్వాడ్రాంటిడ్ ఉల్కలకు కూడా కూర్చున్నాను. వాటి పతాక సమయం ఎంతో సేపు ఉండదు. ఈసారి అది మనకు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో పడింది. కానీ అవి ఆకాశంలో ఎక్కడి నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయో ఆ చోటు అర్ధరాత్రి దాటాకే మనకు పైకి వస్తుంది. తెల్లవారుజామున గంటకు 31 వచ్చాయి. 88.8లో నాలుగు సెకన్ల పాట ఒకటి. చలికి వేళ్లు వంగలేదు. అంతకు మించి చెప్పడానికి లేదు.

జనవరి 6న మా బ్రాంచిలో పనిచేసే బెంగాలీ సహోద్యోగిని సెలవు నుంచి తిరిగి వచ్చారు. 89.6లో నవ్వుతూ మాట్లాడిన ఆ అమ్మాయి ముక్కను ఆమెకు వినిపించాను. కౌంటరు తెరిచే ముందు, ఒక చెవి మూసుకుని విన్నారు. "షొంగే థాకున్ అంటోంది. మాతోనే ఉండండి అని. ప్రకటనలకు ముందు రేడియోలో అంటారు కదా, అది" అన్నారు. మరోసారి విని, ఇది ఎక్కడిదని అడిగారు. చెప్పాను. ఆమె హెడ్‌ఫోన్ తీయకుండా మూడోసారి విన్నారు. ఆ మాట పొడవు 1.8 సెకన్లు.

యాంటెన్నా ఇప్పుడు డాబా మీదే ఉంది. కేబుల్ కలిసే చోట తేమ దిగకుండా నాన్న సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు. సముద్రపు గాలికి అల్యూమినియం బోల్టు దగ్గర తెల్లటి పొడి పడుతోందట, రెండు నెలలకోసారి గరుకు కాగితంతో రుద్దాలి. మేలో ఈటా అక్వారిడ్లు, హేలీ తోకచుక్క రేణువులు. మన అక్షాంశానికి బాగుంటాయి. దాని తర్వాత నేను ఎదురుచూస్తున్నది జూన్ 7 ప్రాంతంలో వచ్చే ఏరియటిడ్లు. అవి పగలు రాలే ఉల్కలు, సూర్యుడి పక్క నుంచి వస్తాయి కాబట్టి కంటికి దాదాపు చిక్కవు, రేడియోకే చిక్కుతాయి. 2025లో ఆ రోజు మొదటి శనివారం కదా, సెలవు పెట్టాలేమో అనుకుంటూ క్యాలెండర్ చూశాను. అక్కరలేదు, ఆ రోజు బక్రీద్ అని వేసి ఉంది. బాబాయి కూడా నమాజు అయ్యాక మా డాబా మీదకు వస్తానన్నారు.